ఆదివారానికి దాచిన మాటలు

"ఆ సంచి లోపల పెట్టమ్మా. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? ముసల్ది ప్రయాణమైంది అనుకుంటారు. ఉన్నమాటేగా!"

తల్లి ముందుగదిలో కుర్చీని గుమ్మానికి ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఒళ్ళో సంచి. కాళ్ళకి చెప్పులు. ఇంట్లోకి ఎవరైనా చెప్పులతో అడుగుపెడితే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి ఆవిడ. అలాంటిది పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెప్పులేసుకునే టీ తాగింది. చెప్పులేసుకునే కూరలు తరిగింది. ఎంత కోపమున్నా కూరలు మాత్రం మానలేదు. మానితే మనవరాలికి మధ్యాహ్నం ఏముంటుందో ఆవిడకి తెలుసు.

కొడుకు చేతిలో దువ్వెన ఉంది. ముందు పీట మీద కూతురు. సగం అల్లిన రెండో జడ అతని వేళ్ళ మధ్య బిగుసుకుపోయింది. పంపుహౌసులో వాల్వులు తిప్పే చేతులవి. జడ వేయడం నేర్చుకోడానికి వాటికి ఒక వానాకాలమంతా పట్టింది.

"నాన్నా, లాగుతున్నావు."

"కదలకు."

"నేనెక్కడ కదిలాను? నువ్వే నాన్నమ్మ వైపు చూస్తూ లాగుతున్నావు."

ఈ పిల్లకి వీధిలో వాళ్ళు పెట్టిన పేరు టముకు. ఇంట్లో చెంచా కిందపడినా వీధి చివర దాకా చాటి వస్తుంది మరి. నిన్న సాయంత్రం ఆ టముకు ఇంట్లోనే మోగింది. "నాన్నమ్మా, అమ్మని ఇంకో రెండేళ్ళు ఉండమన్నారట, సంతకం పెట్టమన్నారట, నీకు చెప్పొద్దన్నాడు నాన్న." వారం పాటు కడుపులో దాచుకుంది పాపం. దాని జన్మలో అదే ఎక్కువ.

అంతే. రాత్రి పడుకునేలోపే సంచి సర్దేసింది తల్లి.

"రెండేళ్ళన్నావురా నువ్వు. అమ్మా, రెండేళ్ళు వచ్చి పిల్లని చూసుకో, నీ కోడలు పరాయి దేశం వెళ్ళి పనిచేసుకొస్తుంది అన్నావు. సరేనన్నాను. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, నా ఇంటికి తాళం వేసి వచ్చాను. నా దగ్గర బట్టలు కుట్టించుకున్న వాళ్ళంతా ఇప్పుడు ఎవరి దగ్గర కుట్టించుకుంటున్నారో! నాకూ ఒక పనుంది. నాకూ ఒక గడప ఉంది. వచ్చే నెలకి నీ రెండేళ్ళూ అయిపోతాయి."

"ఆవిడింకా సంతకం పెట్టలేదమ్మా. వాళ్ళు అడిగారంతే."

"అడిగిన సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఇవాళ ఆదివారం. ఆవిడకి సెలవు. ఇంకాసేపట్లో ఫోన్ చేస్తుంది. అందరం కూర్చుని..."

"ఆ! ఆదివారం!" తల్లి సంచి మీద చరిచింది. "ఈ ఇంట్లో ఏదడిగినా ఆదివారమే. కప్పు కారిందిరా అంటే ఆదివారం చెబుదాం. పిల్లకి జ్వరంరా అంటే ఆదివారం చెబుదాం. ఏ బుధవారం నాడో నేను గుటుక్కుమన్నాననుకో. ఏం చేస్తారు? ఆదివారం దాకా ఐసులో పెడతారా?"

టముకు కిసుక్కుమని నవ్వింది. తండ్రి దువ్వెనతో దాని నెత్తిన చిన్నగా మొట్టాడు. అతనికీ నవ్వొచ్చేదే, వేరే రోజయితే.

ఆదివారం కట్టుబాటు ఊరికే పుట్టలేదు. అక్కడ, పరాయి దేశంలో, అతని పెళ్ళాం పని పెద్ద లాండ్రీలో, ఇస్త్రీ రోలరు మీద. రోలరంటే మనం బట్టల మీద తోసే ఇస్త్రీ పెట్టె కాదు. గది పొడుగునా పడుకుని తిరిగే ఇనప పీపా. లోపలంతా ఆవిరి. ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చిన దుప్పట్లని ఇటువైపు ఇద్దరాడవాళ్ళు కొసలు పట్టి అందించాలి. అటువైపు ఇద్దరు అందుకుని మడతలు పెట్టాలి. చెయ్యి ఎక్కడుందో మనసూ అక్కడే ఉండాలి.

వెళ్ళిన కొత్తల్లో ఒకసారి పని రోజున ఫోన్ చేసి, అమ్మ బాత్రూములో జారిపడిందని చెప్పాడు. అతను చెప్పి పెట్టేశాడు. ఆమె వెళ్ళి రోలరు దగ్గర నిలబడింది. మనసు ఇక్కడ బాత్రూములో ఉంది, చెయ్యి అక్కడ రోలరు మీద పడింది. మణికట్టు మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ దెబ్బతో ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. మంచి సంగతి ఏ రోజయినా చెప్పుకోవచ్చు. చెడ్డ సంగతి మాత్రం ఆదివారమే. ఆ రోజు ఆమె రోలరు ముట్టదు.

మొగుడూ పెళ్ళాం కష్టం చెప్పుకోడానికి వారానికి ఒక్క రోజు. అదీ ఎవడి ఇనప పీపాకో భయపడి. దీన్నీ కాపురమే అంటున్నారు. ఇంకో మాట దొరక్క అంటున్నారు.

ఇవాళ అతని దగ్గర చెడ్డ సంగతులు రెండున్నాయి. ఒకటి కుర్చీలో చెప్పులేసుకుని కూర్చుంది. రెండోది ఇంట్లో ఎవరికీ తెలియదు. నిన్న ఇంజినీరు పంపుహౌసుకి వచ్చి, మోటారు పక్కన గోడ మీద సుద్దముక్కతో ఒక చదరం గీసి వెళ్ళాడు. ఆటోమేటిక్ పెట్టె అక్కడ బిగిస్తారట. ట్యాంకులో నీళ్ళు తగ్గితే మోటారు దానంతటదే తిరుగుతుంది. నిండితే దానంతటదే ఆగుతుంది. స్విచ్చి వేసేవాడు అక్కర్లేదు.

ఎప్పటికైనా ఆ పెట్టె వస్తుందని తెలిసే ఆమె దేశం దాటింది. ఇప్పుడు వచ్చేసింది. ఈ మాట చెవిన పడిందంటే, ఆమె ఇంకేం ఆలోచించకుండా సంతకం పెట్టేస్తుంది. చెప్పకపోతే అబద్ధం. నిన్నట్నుంచీ ఆ సుద్దగీత అతని కళ్ళముందే ఉంది.

ఫోన్ మోగింది. టముకు సగం జడతోనే దూకి పట్టుకుంది.

"అమ్మా! నా పన్ను ఊడింది! మొన్ననే ఊడింది, కానీ నాన్న ఇది మంచి సంగతో చెడ్డదో తెలీట్లేదన్నాడు, అందుకని ఆదివారం దాకా ఆపాడు!"

ఆమె నవ్వింది. "ఏదీ, నోరు తెరువు. ఓయమ్మో, గుమ్మంలా ఉంది! ఆ జడేంటే, ఒకవైపే ఉంది?"

"రెండోది నాన్న చేతిలో సగంలో ఆగింది."

అతను ఫోన్ తీసుకున్నాడు. తెరలో ఆమె మొహం, వెనక తెల్లటి గుడ్డ. హాస్టల్లో నాలుగు మంచాల గదిలో తన మంచానికి కట్టుకున్న పరదా అది. అలాగని అతను అనుకునేవాడు. మొహం పీక్కుపోయింది. జుట్టు మీద బట్టటోపీ గుర్తు పడింది.

"తిన్నావా?"

"ఆ. నువ్వు?"

"ఇంకా లేదు. అమ్మ కూరలు తరిగింది. నేను బట్టలు పిండి ఆరేశాను."

"చేత్తోనే?"

"కాలితో పిండమంటావా?"

"నేను రోజూ ఊరందరి దుప్పట్లూ చూస్తాను. నా దుప్పటి ఉతుక్కుని ఎన్నాళ్ళయిందో అడుగు."

"చెప్పు మరి."

"చెప్పను. ఫోన్ పెట్టేస్తావు కంపు కొట్టి."

ఇద్దరూ నవ్వారు. ఆదివారం మాటలకి ముందు ఇలా కాసిని పిచ్చి మాటలు దొర్లాలి. అదీ కట్టుబాటులో భాగమే.

"కిటికీ దగ్గర పెట్టు కాసేపు" అందామె.

అతను ఫోన్ తీసుకెళ్ళి కిటికీ చువ్వల్లోంచి బయటికి చాపాడు. ఇది ప్రతివారం జరిగేదే. ఎదురింటావిడ పిల్లాణ్ణి తిడుతోంది. సైకిలు గంట మోగింది. ఎవరో బిందె గట్టుకి కొట్టారు. పైవాటాలో మంచం ఈడుస్తున్న చప్పుడు. ఇక్కడ ఎవరికీ పట్టని ఈ గోలని అక్కడ ఆమె చెవిలో పోసుకుంటుంది. అక్కడ మిషన్ల హోరే కానీ మనుషుల గోల ఉండదట. అతనిదీ అంతే. పంపుహౌసులో రోజంతా మోటారు తప్ప పలికేది ఉండదు. దేశాలు వేరే గానీ ఇద్దరికీ రోజంతా కబుర్లు మోటార్లతోనే.

ఫోన్ వెనక్కి తీసుకుని మొహం ముందు పెట్టుకున్నాడు. ఇక చెప్పాలి. గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు వినిపించింది. ఆమె వెనక, గోడ అవతల, సన్నగా.

"ఏమే, ఆ శబ్దమేంటి?"

"ఏ శబ్దం?"

"నీ వెనక."

"ఆ, హాస్టల్లో ఎవరో బట్టలుతుక్కుంటున్నారు."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. పదహారేళ్ళుగా చెవితోనే అన్నం తింటున్న మనిషి. బేరింగు అరిగితే మోటారు ఎలా ఈలవేస్తుందో, లోడు పడితే ఎలా మూలుగుతుందో నిద్రలో అడిగినా చెబుతాడు.

"బట్టలుతికే చిన్న మిషను అలా మూలగదు. అది లోడు మీదున్న పెద్ద మోటారు. దాని పక్కన ఇంకోటి ఖాళీగా తిరుగుతోంది. అబద్ధమాడాలనుకుంటే ఇంకేదైనా ఆడు. మోటార్ల దగ్గర ఆడకు."

ఆమె తల దించుకుంది. తర్వాత ఫోన్‌ని మెల్లగా చుట్టూ తిప్పింది. తెల్లగుడ్డ పరదా కాదు. అరలు. నేల నుంచి కప్పు దాకా మడతపెట్టిన దుప్పట్లు.

"బట్టల గది" అంది. "తిండి విరామం ఇది."

"ఇవాళ సెలవివ్వలేదా?"

"ఇవాళే కాదు. అవతలి కొసన మడతపెట్టే పొడుగు పిల్ల కొత్తగా చేరిందని చెప్పాను చూడు, అప్పట్నుంచీ లేదు. మనుషులు చాలట్లేదు, సెలవులు కట్ అన్నారు."

పొడుగు పిల్ల చేరింది ఎప్పుడు? టముకు జ్వరానికి ముందు. కప్పు కారడానికి చాలా ముందు. ఆదివారం ఫోన్లు పొట్టివైపోయింది కూడా అప్పట్నుంచే. వంట వంతు నాది, పోవాలి అనేది. నమ్మాడు.

"జ్వరం సంగతి చెప్పినప్పుడు నువ్వు..."

"ఇక్కడే. ఈ స్టూలు మీదే."

"కప్పు సంగతి?"

"ఇక్కడే."

"చెప్పాక?"

"వెళ్ళి రోలరు దగ్గర నిలబడ్డాను."

"చేతులు చూపించు" అన్నాడు.

ఆమె చూపించింది. ముందు, వెనక. తరగతిలో గోళ్ళు చూపించే పిల్లలా. పాత మచ్చ తప్ప ఏమీ లేదు.

"నీకు బుద్ధుందా? ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటావు? సెలవు పీకేశారన్నది చెడ్డ సంగతి. చెడ్డ సంగతి సెలవు రోజునే చెప్పాలి. సెలవొస్తే చెబుదామని కూర్చున్నాను. వస్తేగా!"

గట్టిగా కసిరేద్దామని నోరు తెరిచాడు. నోట్లోంచి నవ్వొచ్చింది. అటు ఆమె కూడా టోపీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దరూ కలిసి కట్టుకున్న కట్టుబాటు, ఇద్దర్నీ చెరోవైపు పెట్టి తలుపేసుకుంది.

"నిజం చెప్తాను విను" అందామె. గొంతు పెంచలేదు. "సెలవు లేదని తెలిస్తే నువ్వు నోరు కుట్టేసుకుంటావు. అంతా బాగుంది, అందరం బాగున్నాం, నువ్వు బాగున్నావా. రోడ్డు మీద కనబడ్డ దూరపు చుట్టంలా. అందుకే సెలవున్నట్టు నటించాను. నా ఇంటి జ్వరం నాకు కావాలయ్యా. నా ఇంటి కప్పు కారితే నాకు తెలియాలి. అదీ లేకపోతే ఇక్కడ నేను దుప్పట్లు అందించే ఇంకో మిషన్ని."

ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది.

"ఇంకోటుంది. సంతకం ఇవాళే. విరామం అయిపోగానే సూపర్‌వైజరు రోలరు దగ్గరికే వస్తాడు. రెండేళ్ళకి పెట్టినవాళ్ళకి ఆదివారం తిరిగిచ్చేస్తారట."

"తిరిగివ్వడమేంటి?" కుర్చీలోంచి కేక. తల్లి ఎప్పుడు చెవి ఇటు పడేసిందో! "ఆదివారం వాళ్ళ అబ్బ సొత్తా తిరిగివ్వడానికి?"

"మేమూ అదే అనుకున్నాం అత్తయ్యా" అంది ఆమె. "రోలరు మీద నలుగురం ఉన్నాం. అతను రాగానే రోలరు ఆపేస్తాం. ముందు అందరికీ సెలవు, ఆ తర్వాతే రెండేళ్ళ మాట అని అడుగుతాం. ఒక్కరు జారినా మిగతా ముగ్గురూ గాల్లో ఉంటారు. వాళ్ళు కాదంటే గడువు కాగానే నలుగుర్నీ పంపించేస్తారు. అదీ తెలుసు."

"ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదన్నావు కదే" అన్నాడు అతను.

"దుప్పటి కొసలు పట్టుకున్నవాళ్ళకి భాషెందుకు? అవతలివాళ్ళు వదిలేస్తే చేతికే తెలుస్తుంది." ఒక్క క్షణం ఆగింది. "రోలరు ఆగింది ఆగినట్టే ఉంటే మేం నిలబడ్డట్టు. మళ్ళీ తిరిగిందా, ఎవరో ఒకరు సంతకం పెట్టేసినట్టు."

టముకు ఇక ఆగలేకపోయింది. తండ్రి చేతిలోంచి ఫోన్ లాక్కుని నాన్నమ్మ వైపు తిప్పింది. "అమ్మా, నాన్నమ్మ సంచి సర్దేసింది చూడు!"

"నోర్ముయ్యవే!" తల్లి సంచిని కుర్చీ వెనక్కి తోసింది. "అబ్బే, ఏం లేదమ్మా. బట్టలు కాస్త ఎండలో పెడదామని."

"సంచిలో మూటగట్టి ఎండబెడతారా అత్తయ్యా?"

తల్లి చీర అంచు చెప్పుల మీదికి జార్చింది.

"ఇంట్లో చెప్పులేసుకున్నారు. నాకు కనబడుతోంది."

తల్లి పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది. ఇందాకటి దాకా ఆదివారాన్ని దుమ్మెత్తిపోసిన మనిషి, తన వంతు వచ్చేసరికి తనూ దాచబోయింది. ఆవిడకే సిగ్గేసినట్టుంది. ఫోన్ తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"సరే, విను. నేను నా ఇంటికి పోతున్నాను. నువ్వు సంతకం పెట్టినా పోతాను, పెట్టకపోయినా పోతాను. నా కుట్టుమిషను తుప్పుపడుతోంది. నా కోసం పెట్టకు, నా కోసం మానకు. ముసల్దాన్ని అడ్డం పెట్టుకుని ఏదీ తేల్చుకోవద్దు. పిల్ల సంగతంటావా, నాతో తీసుకుపోతాను. దానికి బడి అక్కడా ఉంది. చాటడానికి వీధి అక్కడా ఉంది."

"నాన్నమ్మ ఇంటికా? నేనా?" టముకు కళ్ళు పెద్దవయ్యాయి. ఆ మాట వీధిలో చెప్పాలా వద్దా అన్నది మొదటిసారి తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయింది.

ఆమె తెరకి దగ్గరగా జరిగింది. "మంచిది అత్తయ్యా" అంది కోడలు. "మొహం మీదే చెప్పారు. ఫోన్ ఆయనకివ్వండి."

అతను తీసుకున్నాడు.

"విరామం అయిపోవస్తోంది. నీ దగ్గర ఇంకేదో ఉంది. ఇందాక గొంతు సవరించుకున్నావు. చెప్పు. ఇవాళ సెలవు కాదు, రోలరు దగ్గరికే పోతున్నాను. అయినా చెప్పు."

తల్లి అటు చూస్తోంది. కూతురు ఇటు చూస్తోంది. చెప్పకుండా మింగేయొచ్చు. సాయంత్రం చెప్పొచ్చు, వచ్చే వారం చెప్పొచ్చు. ఆమె ముగ్గురితో నిలబడాలంటే ఈ మాట ఆమె చెవిన పడకూడదు. ఆమెతో తను నిలబడాలంటే పడాలి.

"పంపుహౌసులో పెట్టె బిగిస్తున్నారు" అన్నాడు. "గోడ మీద గీత కూడా గీశారు. నా పని ఎన్నాళ్ళో లేదు."

కుర్చీ కిర్రుమంది. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెరలో ఆమె మొహం మారలేదు. ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. "ఎప్పుడు గీశారు?"

"నిన్న."

"సెలవు కాదని తెలిసీ చెప్పావు. మొదటిసారి." తలకి టోపీ బిగించుకుంది. అవతల గంట మోగింది. "ఫోన్ పెట్టేయకు. జేబులో వేసుకుంటాను. విను."

తెర చీకటైంది. గుడ్డ రాపిడి, అడుగులు, తలుపు. ఆ తర్వాత ఒక్కసారిగా హోరు.

అతను ఫోన్‌ని బల్ల మీద పెట్టి చెవి ఆనించాడు. పెద్ద మోటారు. మూలుగు సమంగా ఉంది. ఒక దుప్పటి వెళ్ళినప్పుడల్లా గొంతు కొంచెం దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. దిగడం, లేవడం. ఆమె చేతులు కనబడనక్కర్లేదు. దుప్పటి దుప్పటికీ తెలుస్తున్నాయి.

"ఏమవుతోందిరా?"

"తిరుగుతోంది."

ఎవరో మగమనిషి గొంతు దగ్గరగా వచ్చింది. ఏదో భాష. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మోటారు గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది. కరెంటు పోయినట్టు కాదు. స్విచ్చి తీసినప్పుడు పెద్ద ఇనుము తన బరువుతో తనే నెమ్మదించి ఆగుతుందే, అలాగ.

"ఆగింది" అన్నాడు.

దూరంగా ఇంకో మోటారు మాత్రం తిరుగుతోంది. ఎదురింటావిడ కూడా ఎందుకో తిట్టడం మానేసింది. మగగొంతు ఏదో అడిగింది. ఒక ఆడగొంతు బదులిచ్చింది, పొడుగు పిల్లదేమో. ఇంకో గొంతు. ఇంకోటి. ఆ తర్వాత, జేబుకి అన్నిటికంటే దగ్గరగా, అతని పెళ్ళాం గొంతు. పొట్టి మాట ఒకటి. ఆ భాషలో.

"ఏమంది? అవునందా, కాదందా?"

"తెలీదమ్మా."

"నీ పెళ్ళాం మాట నీకే తెలీకపోతే ఎలారా?"

అతను చెయ్యెత్తి ఆగమన్నాడు. చెవి బల్లకి ఇంకా అదిమాడు. మోటారు తిరుగుతుందా? స్విచ్చి పడ్డప్పుడు ముందొక చిన్న టక్కుమన్న చప్పుడు రావాలి. దానికోసం వింటున్నాడు. రాలేదు. ఇంకా రాలేదు.

టముకు సగం జడని తనే గుప్పిట్లో పట్టుకుని ఊపిరి బిగించి నిలబడింది.

తల్లి మెల్లగా వంగి ఒక చెప్పు విప్పింది. రెండోదాని మీద చెయ్యి వేసి, అలాగే ఆగింది.